గోషే వ్యాధి: ఎంజైము లోపం నుంచి శోథం దాకా

గోషే వ్యాధి తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు సంక్రమించినవారికి వచ్చే అరుదైన జీవక్రియా రుగ్మత. కణాలలోని గ్లూకోసెరెబ్రోసిడేజ్ అనే ఎంజైము చాలినంతగా పనిచేయకపోవడం దీనికి మూలకారణం. మన ఆసుపత్రులలో గౌచర్ అన్న ఉచ్చారణతోనే ఎక్కువగా వినిపించే ఈ వ్యాధిలో ప్లీహమూ కాలేయమూ బాగా పెరిగి పొట్ట ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, రక్తహీనత వస్తుంది, ప్లేట్‌లెట్లు తగ్గిపోయి చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది, ఎముకలలో విపరీతమైన నొప్పులు పుడతాయి, కొన్ని రకాలలో మెదడు కూడా దెబ్బతింటుంది. ఎంజైము లోపం వల్ల అరగని కొవ్వు కణాలలో పేరుకుపోవడమే వ్యాధి అన్న అవగాహనకు అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుడు రాస్కో బ్రేడీ 1965లో గట్టి పునాది వేశాడు. పేరుకున్న ఆ కొవ్వు శరీరపు రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి శోథాన్ని, అంటే వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అని వ్యవహరించే దీర్ఘకాలపు కణజాల ప్రతిచర్యను, ఎలా రగిలిస్తుందో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో పరిశోధకుడైన మనోజ్ కుమార్ పాండే, ఆయన సహచరులు 2017లో వివరించారు. ఈ రెండింటి నడుమ గడిచిన అర్ధశతాబ్దంలో ఒక అరుదైన వ్యాధి వైద్యశాస్త్రానికి నేర్పినది దాని పరిమాణంతో పోలిస్తే చాలా ఎక్కువ.

ఎంజైము చేసే పని

శరీరంలోని ప్రతి కణం చుట్టూ ఉండే పొరలో స్ఫింగోలిపిడ్లు అనే కొవ్వు జాతి పదార్థాలు ఉంటాయి. ఎర్ర రక్తకణాలు, తెల్ల రక్తకణాలు ఆయువు తీరినప్పుడు వాటిని ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలలో కాపువేసి ఉండే మాక్రోఫేజులు మింగుతాయి. చెత్తను, సూక్ష్మజీవులను మింగి జీర్ణించుకోవడమే వృత్తిగా గల పెద్ద రక్షక కణాలివి. మింగిన సరుకు కణం లోపలి లైసోజోములకు చేరుతుంది. బెల్జియం శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డ్యూవ్ బృందం 1955లో గుర్తించిన ఈ చిన్న సంచులలో ఆమ్ల మాధ్యమంలో పనిచేసే ఎంజైములు పదుల సంఖ్యలో ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క బంధాన్ని తెంచుతూ పెద్ద అణువులను విడగొడతాయి. ఆ వరుసలో చివరి మెట్లలో ఒకటి గ్లూకోసెరెబ్రోసైడ్ అనే అణువు. దీనికే గ్లూకోసిల్‌సెరమైడ్ అని మరో పేరు: సెరమైడ్ అనే కొవ్వుకు ఒకే ఒక గ్లూకోజు అతుక్కొని ఉంటుంది. ఆ గ్లూకోజును విడదీయడమే గ్లూకోసెరెబ్రోసిడేజ్ పని. అది జరగనప్పుడు వరుస అక్కడే ఆగిపోయి అణువు మీద అణువు చేరుతూ మాక్రోఫేజు ఉబ్బిపోతుంది.

ఇలా ఉబ్బిన కణాన్ని గోషే కణం అంటారు. ఎముక మజ్జ నుంచి తీసిన నమూనాను రంగువేసి సూక్ష్మదర్శిని కింద పెడితే కేంద్రకం ఒక పక్కకు నెట్టుకుపోయి, మిగిలిన కణమంతా నలిపి విప్పిన పలుచని కాగితంలాగా గీతలు గీతలుగా కనిపిస్తుంది. ఆ గీతలు పొడవాటి గొట్టాలుగా పేర్చుకొని కూర్చున్న కొవ్వు అణువులు. అనుభవమున్న పాథాలజిస్టు ఈ కణాన్ని ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోడు. అయితే కొన్ని రక్త క్యాన్సర్లలోనూ దీన్ని పోలిన కణాలు కనబడతాయి కాబట్టి రోగనిర్ధారణకు ఎంజైము పరీక్షే ప్రమాణం.

ఈ ఎంజైమును తయారుచేసే సూచన ఒకటో క్రోమోజోము పొడవాటి భుజం మీద ఉన్న జీబీఏ1 జన్యువులో ఉంటుంది. దానికి చాలా దగ్గరలోనే, దాదాపు అదే అక్షరక్రమంతో, పనిచేయని నకిలీ జన్యువు ఒకటి ఉండటం వల్ల జన్యు పరీక్ష చేసేవారు ఏది అసలో ఏది నకిలీయో జాగ్రత్తగా వేరుచేసుకోవలసి వస్తుంది. వ్యాధి అంతర్గత లక్షణంగా సంక్రమిస్తుంది: లోపమున్న ప్రతి ఒకటే ఉన్నవారు వాహకులు, వారికి గోషే వ్యాధి రాదు, వాహకులైన దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ రెండు ప్రతులూ లోపంతో వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ప్రపంచమంతటా ఇది చాలా అరుదైనదే అయినా, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదులలో వాహకుల నిష్పత్తి ఎక్కువ కావడం వల్ల వారిలో తరచుగా కనబడుతుంది, ఈ వ్యాధి గురించి తొలినాళ్లలో తెలిసినదంతా ఆ కుటుంబాల నుంచే ఎక్కువగా తెలిసింది.

వైద్యులు దీన్ని మూడు రకాలుగా విభజిస్తారు. మెదడు జోలికి పోకుండా ప్లీహం, కాలేయం, ఎముకలకు పరిమితమయ్యేది మొదటి రకం. పసికందులలో మెదడు వేగంగా దెబ్బతిని సాధారణంగా రెండేళ్లు నిండేలోపే ప్రాణం తీసేది రెండో రకం. మెదడు నెమ్మదిగా దెబ్బతింటూ కంటి కదలికలలో లోపం, మూర్ఛ వంటి లక్షణాలతో సాగేది మూడో రకం. స్వీడన్ ఉత్తర భాగంలోని నార్‌బొటెన్ ప్రాంతంలో మూడో రకం తరతరాలుగా కనిపిస్తూ వస్తోంది. ఈ విభజన ఉపయోగకరమే గాని గీత గీసినట్టు ఉండదు. ఒకే జన్యులోపమున్న తోబుట్టువులలో ఒకరు బాల్యంలోనే మంచం పట్టడం, మరొకరు నడివయసు దాకా ఏమీ తెలియకుండా బతకడం అందరికీ తెలిసిన సంగతే. ఒకే అండం నుంచి పుట్టిన కవలలలో కూడా వ్యాధి తీవ్రత వేరువేరుగా ఉన్న ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. జన్యువుకూ వ్యాధికీ మధ్య ఇంకేదో ఉందని చెప్పే తొలి ఆధారాలలో ఇది ముఖ్యమైనది.

గోషే నుంచి బ్రేడీ దాకా

ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ గోషే 1882లో తన సిద్ధాంత గ్రంథంలో 32 ఏళ్ల స్త్రీ ఉదంతాన్ని వర్ణించాడు. ఆమె ప్లీహం విపరీతంగా పెరిగి ఉంది, అందులో అసాధారణమైన పెద్ద కణాలు కనిపించాయి. అది ప్లీహానికి వచ్చిన ఒకరకం కంతి అని ఆయన భావించాడు. ఆ భావన తప్పని తేలినా, కణాల వర్ణన మాత్రం నిలిచిపోయింది, వ్యాధికి ఆయన పేరే స్థిరపడింది. పేరుకున్నది గ్లూకోసెరెబ్రోసైడ్ అని 1934లో అఘియాన్ అనే పరిశోధకుడు తేల్చాడు. అది ఎందుకు పేరుకుంటుందో మాత్రం మరో ముప్పై ఏళ్లు ఎవరూ చెప్పలేకపోయారు: శరీరం అవసరానికి మించి తయారుచేస్తున్నదా, తయారైనదాన్ని విడగొట్టలేకపోతున్నదా అన్నదే చర్చ.

ఈ చర్చను ముగించినవాడు రాస్కో బ్రేడీ. 1923లో ఫిలడెల్ఫియాలో పుట్టి, 1947లో హార్వర్డ్ వైద్య కళాశాల నుంచి పట్టా పొంది, కొవ్వు ఆమ్లాల తయారీ మీద పరిశోధన చేసి, 1954లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలోని నాడీవ్యాధుల విభాగంలో చేరిన బ్రేడీ తన వృత్తి జీవితాన్నంతా అక్కడే గడిపాడు. ముందుగా ఆయన బృందం రోగుల ప్లీహపు ముక్కలలో గ్లూకోసెరెబ్రోసైడ్ తయారీని పరిశీలించి అది మామూలుగానే ఉందని గమనించింది. అలాగైతే లోపం విచ్ఛిత్తిలో ఉండాలి. దాన్ని నిరూపించడానికి రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తుపెట్టిన గ్లూకోసెరెబ్రోసైడ్ కావలసి వచ్చింది. దాన్ని రసాయనికంగా తయారుచేసి, ఆరోగ్యవంతుల ప్లీహం నుంచి తీసిన సారంతోనూ రోగుల ప్లీహం నుంచి తీసిన సారంతోనూ కలిపి, గ్లూకోజు ఎంత విడివడుతున్నదో కొలిచారు. రోగుల సారంలో విడివడినది చాలా తక్కువ. జూలియన్ కాన్ఫర్, డేవిడ్ షపీరోలతో కలిసి బ్రేడీ ఈ ఫలితాన్ని 1965లో ప్రచురించాడు. మరుసటి ఏడాది నీమన్-పిక్ వ్యాధిలో, 1967లో ఫాబ్రీ వ్యాధిలో లోపించిన ఎంజైములను కూడా ఆయన బృందమే గుర్తించింది. అదే 1967లో ప్లీహం ముక్క కోయనవసరం లేకుండా కొద్దిపాటి రక్తంలోని తెల్లకణాలతోనే ఎంజైమును కొలిచే పద్ధతిని వెలువరించింది. వ్యాధిగ్రస్త కుటుంబాలకు ఇది పెద్ద ఊరట.

లోపించినదేదో తెలిశాక దాన్ని బయటి నుంచి ఇస్తే సరిపోతుందన్న ఆలోచనను బ్రేడీ 1966లోనే ప్రకటించాడు. ఆలోచన సులువు, ఆచరణకు పాతికేళ్లు పట్టింది. మనిషి ఎంజైము మనిషి నుంచే రావాలి కాబట్టి ప్రసవం తరువాత పారవేసే మాయ నుంచి దాన్ని శుద్ధి చేశారు. 1974లో ఇద్దరు రోగులకు ఆ ఎంజైమును సిరలోకి ఎక్కించినప్పుడు వారి కాలేయంలో పేరుకున్న గ్లూకోసెరెబ్రోసైడ్ సుమారు నాలుగో వంతు తగ్గింది. ఆశ కలిగించిన ఆ ఫలితం తరువాతి ప్రయత్నాలలో నిలకడగా పునరావృతం కాలేదు.

కారణం ఎంజైములో లేదు, దానికి అతుక్కొని ఉన్న చక్కెర గొలుసులలో ఉంది. మాయ నుంచి తీసిన ఎంజైము రక్తంలో చేరగానే ఎక్కువ భాగం కాలేయంలోని సాధారణ కణాలకు పోతున్నది, అవసరమున్న మాక్రోఫేజులకు చేరేది కొద్దిగానే. గొలుసు చివర గెలాక్టోజ్ కనబడితే కాలేయ కణాలు లాక్కుంటాయని అదే ఆరోగ్య సంస్థలలో పనిచేస్తున్న గిల్బర్ట్ ఆష్‌వెల్ పరిశోధనల వల్ల అప్పటికే తెలుసు. మాక్రోఫేజుల పైపొర మీద మానోజ్ అనే చక్కెరను పట్టుకొనే గ్రాహకాలుంటాయి. కాబట్టి గొలుసు చివరి నుంచి మొదలుపెట్టి సియాలిక్ ఆమ్లాన్ని ఒక ఎంజైముతో, దాని కింది గెలాక్టోజ్‌ను మరో ఎంజైముతో, ఇంకా కింది ఎసిటైల్ గ్లూకోసమైన్‌ను మూడో ఎంజైముతో ఒకదాని తరువాత ఒకటిగా తొలగిస్తే అడుగున దాగి ఉన్న మానోజ్ బయటపడుతుంది. ఫర్బిష్, బార్టన్‌లు బ్రేడీతో కలిసి చేసిన ఈ పనిని, మందును కావలసిన కణానికే చేరవేసే నేటి పద్ధతులన్నిటికీ తొలి విజయవంతమైన నమూనాలలో ఒకటిగా లెక్కించవలసి ఉంటుంది. ఆ తరువాత కూడా ఒక ఆటంకం ఎదురైంది: మొదటి పరీక్షలో అందరికీ ఒకే మోతాదు ఇవ్వడంతో శరీర బరువు తక్కువగా ఉన్న ఒక చిన్నపిల్లవాడికి మాత్రమే స్పష్టమైన గుణం కనిపించింది. మోతాదు చాలలేదని ఆ ఒక్క బిడ్డ వల్లే అర్థమైంది.

1991లో ప్రచురితమైన పరీక్షలో 12 మంది మొదటి రకం రోగులకు శరీర బరువు కిలోకు 60 యూనిట్ల చొప్పున రెండు వారాలకొకసారి ఎంజైము ఎక్కించగా, అందరిలోనూ హీమోగ్లోబిన్ పెరిగింది, అందరిలోనూ ప్లీహం తగ్గింది. ఆ ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆల్‌గ్లూసెరేజ్ పేరుతో దానికి అనుమతి ఇచ్చింది. ఒక్క రోగికి ఏడాది పొడవునా సరిపడే మందు కోసం వేల సంఖ్యలో మాయలు సేకరించవలసి వచ్చేది. 1994లో చైనా హ్యామ్‌స్టర్ అనే మూషికజాతి జంతువు అండాశయ కణాలలో జన్యు సాంకేతికతతో తయారైన ఇమిగ్లూసెరేజ్ వచ్చాక ఆ ఇబ్బంది తొలగింది. ఎలిజబెత్ న్యూఫెల్డ్‌తో కలిసి 1982లో లాస్కర్ బహుమతి అందుకున్న బ్రేడీ 2016లో మరణించేనాటికి ఈ పద్ధతి మరెన్నో లైసోజోము వ్యాధులకు విస్తరించింది.

రెండు శాతం లెక్క

ఎంజైము చికిత్స సాధించిన విజయం అసాధారణమైనది. ఆ విజయం వల్లనే కాబోలు, వ్యాధి అంటే కేవలం నిల్వ అన్న భావన చాలాకాలం ప్రశ్నకు గురికాకుండా సాగింది. లెక్క వేసి చూసినవారికి మాత్రం అది పొసగలేదు. గోషే వ్యాధిలో ప్లీహం మామూలు పరిమాణానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది, అలా అదనంగా పెరిగిన బరువులో పేరుకున్న గ్లూకోసెరెబ్రోసైడ్ వాటా రెండు శాతం లోపే. మిగిలిన తొంభై ఎనిమిది శాతం ఎక్కడి నుంచి వచ్చింది? కొవ్వు నిండి కణాలు ఉబ్బడం ఒక్కటే అవయవాలను అంతగా పెంచలేదు. ఇతర కణాలు వచ్చి చేరడం, రక్తనాళాలు విస్తరించడం, పీచు కణజాలం పెరగడం, అంటే శోథంలో జరిగే పనులన్నీ అక్కడ జరుగుతూ ఉండాలి. కేంబ్రిడ్జిలో తిమొతీ కాక్స్ వంటి వైద్యులు ఈ అంశాన్ని పదేపదే ఎత్తిచూపారు. ఈ వ్యాధి గురించిన మొత్తం చర్చలో ఇంతకన్నా బలమైన వాదం మరొకటి లేదనే చెప్పాలి.

ఆధారాలు రక్తంలోనే దొరికాయి. 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కార్లా హొలాక్, యొహానెస్ ఆర్ట్స్ బృందం రోగుల రక్తరసంలో కైటోట్రయోసిడేజ్ అనే ఎంజైము సాధారణ స్థాయికి కొన్ని వందల రెట్లు ఉన్నట్టు కనిపెట్టింది. ఇది లోపించిన ఎంజైము కాదు. బూజుల, కీటకాల పైపొరలోని కైటిన్‌ను ఛేదించడానికి ఉత్తేజితమైన మాక్రోఫేజులు విడుదలచేసేది. పోరాడవలసిన బూజు ఏదీ లేకపోయినా మాక్రోఫేజులు దాన్ని కుమ్మరిస్తున్నాయంటే, అవి కొవ్వు నింపుకొని ఊరికే కూర్చున్న సంచులు కావని అర్థం. చికిత్స పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఈ కొలత చాలా ఏళ్లు ఉపయోగపడింది, అయితే ఆ ఎంజైమును పుట్టుకతోనే తయారుచేయలేనివారు ప్రతి జనాభాలోనూ కొందరుంటారు కాబట్టి వారి విషయంలో ఇది పనికిరాదు. తరువాత సీసీఎల్18 అనే సంకేత ప్రొటీను, 2011లో కొవ్వు ఆమ్లపు తోకను కోల్పోయిన గ్లూకోసిల్‌స్ఫింగోసిన్ అనే అణువు సూచికలుగా వచ్చి చేరాయి. చివరిది ఇప్పుడు ఎక్కువ నమ్మకమైనదిగా వాడుకలో ఉంది.

1990ల చివరి నుంచి రోగుల రక్తంలో సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు పరస్పరం సందేశాలు పంపుకొనే ప్రొటీన్లు, పెరిగి ఉన్నట్టు పరిశోధన పత్రాలు వచ్చాయి. యేల్ విశ్వవిద్యాలయంలో ప్రమోద్ మిస్త్రీ బృందం 2010లో ఎంజైము లోపించిన చిట్టెలుకలలో రోగనిరోధక వ్యవస్థలోని పలు కణాలు, ఎముకను కట్టే కణాలు కూడా దెబ్బతింటున్నట్టు చూపింది. మాక్రోఫేజు ఒక్కటే దోషి అన్న పాత చిత్రం దీనితో చెదిరింది. కానీ కొవ్వు పేరుకోవడానికీ శోథం రగలడానికీ మధ్య ఉన్న మెట్లు మాత్రం అప్పటికీ స్పష్టం కాలేదు.

పాండే పరిశోధన

మనోజ్ కుమార్ పాండే సిన్సినాటిలో, లైసోజోము వ్యాధులలో దీర్ఘకాలం పనిచేసిన గ్రెగరీ గ్రాబోవ్‌స్కీతో కలిసి, ఎంజైము లోపించిన చిట్టెలుకల ప్లీహం, కాలేయం, ఊపిరితిత్తులలో ఏయే రోగనిరోధక కణాలు చేరుతున్నాయో, వాటిని రప్పించే రసాయనిక సంకేతాలేవో ఓపికగా లెక్కించడంతో ఈ పనిలోకి వచ్చారు. మాక్రోఫేజులు, డెండ్రైటిక్ కణాలు, టీ కణాలు గుమిగూడుతున్నట్టు తేలింది. వాటిని పిలుస్తున్నదెవరన్న ప్రశ్న ఆయనను కాంప్లిమెంటు వ్యవస్థ వైపు నడిపించింది. ఇది రక్తంలో ఎప్పుడూ సిద్ధంగా ఉండే కొన్ని పదుల ప్రొటీన్ల గొలుసు. సూక్ష్మజీవి మీద ప్రతిరక్షకం అంటుకోగానే ఒకదానినొకటి కోసుకుంటూ మేల్కొని, శత్రువును చంపడమే కాక, సీ5ఏ అనే చిన్న తునకను విడుదల చేసి రక్షక కణాలను పిలుస్తుంది. అలెర్జీలోనూ కాంప్లిమెంటు పరిశోధనలోనూ పేరున్న జర్మనీ శాస్త్రజ్ఞుడు యోర్గ్ కోల్ ఈ పనిలో భాగస్వామి అయ్యాడు. ఫలితాలు 2017 మార్చిలో నేచర్ పత్రికలో వెలువడ్డాయి.

వారు ప్రతిపాదించిన క్రమం ఇది. గ్లూకోసిల్‌సెరమైడ్ అధికంగా పేరుకున్నప్పుడు శరీరం దాన్ని పరాయి పదార్థంగా భావించి దాని మీద ఐజీజీ తరగతి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. ప్రతిరక్షకమూ కొవ్వూ కలిసిన జంటలు మాక్రోఫేజుల మీది గ్రాహకాలకు అంటుకోగా ఆ కణాలు సీ5ఏను పుట్టిస్తాయి. సీ5ఏ తిరిగి అవే కణాల మీదున్న తన గ్రాహకాన్ని తట్టి రెండు పనులు చేయిస్తుంది. ఒకటి, శోథాన్ని రగిలించే సైటోకైన్లను విడుదల చేయించడం. రెండోది మరింత ఆశ్చర్యకరమైనది: గ్లూకోసిల్‌సెరమైడ్‌ను తయారుచేసే సింథేజ్ అనే ఎంజైమును పెంచడం. విడగొట్టే ఎంజైము ముందే కొరవడిన కణంలో తయారుచేసే ఎంజైము పెరిగితే నిల్వ ఇంకా పెరుగుతుంది, దానితో ప్రతిరక్షకాలు, సీ5ఏ కూడా పెరుగుతాయి. శరీరం ఎక్కువగా తయారుచేస్తున్నదా, విడగొట్టలేకపోతున్నదా అని బ్రేడీకి ముందు జరిగిన పాత చర్చకు ఇక్కడ అనుకోని మలుపు దొరికింది. లోపం పుట్టింది విచ్ఛిత్తిలోనే, కానీ శోథం మొదలయ్యాక తయారీ కూడా దానికి తోడవుతుంది.

దీన్ని పరీక్షించడానికి బృందం రెండు దారులు పట్టింది. కాండ్యురిటాల్ బీ ఎపాక్సైడ్ అనే రసాయనం గ్లూకోసెరెబ్రోసిడేజ్‌ను శాశ్వతంగా స్తంభింపజేస్తుంది, దాన్ని మామూలు చిట్టెలుకలకు ఇస్తే గోషే వ్యాధి లక్షణాలు వస్తాయి. సీ5ఏ గ్రాహకం పుట్టుకతోనే లేని చిట్టెలుకలకు ఇచ్చినప్పుడు కొవ్వు నిల్వా శోథమూ కూడా చాలావరకు రాలేదు. ఎంజైము ఇక్కడా స్తంభించే ఉందన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ ఫలితం విలువ తెలుస్తుంది. రోగుల రక్తరసంలోనూ గ్లూకోసిల్‌సెరమైడ్ మీది ప్రతిరక్షకాలు, సీ5ఏ ఎక్కువగా ఉన్నట్టు, వారి కణాలలోనూ ఇదే క్రమం నడుస్తున్నట్టు వారు చూపారు. చిట్టెలుకలో రసాయనంతో కొద్ది వారాలలో తెచ్చిన స్థితికీ, మనిషిలో దశాబ్దాలుగా పెరిగే వ్యాధికీ తేడా ఉంది కాబట్టి దీన్ని చికిత్సగా మార్చడానికి రోగులలో జరిగే పరీక్షలే ఆధారం కావాలి. అయినా ఎంజైము లోపం ఒక్కటే వ్యాధి తీవ్రతను నిర్ణయించదని ప్రయోగపూర్వకంగా నిరూపించిన పనిగా దీని స్థానం పదిలం; ఒకే జన్యులోపమున్న కవలలలో వ్యాధి వేరువేరుగా ఉండటానికి రోగనిరోధక వ్యవస్థలో వచ్చే తేడాలు ఒక కారణం కావచ్చునన్న ఊహకు ఇది బలమిచ్చింది.

ఎముక, క్యాన్సర్, మెదడు

దీర్ఘకాలపు శోథం విడిచిపెట్టే గుర్తులు గోషే వ్యాధిలో అనేకం. ఎముక మజ్జలో రక్తప్రసరణ ఆగి ఎముక భాగం చచ్చిపోవడం, తొడ ఎముక కింది కొస వెడల్పుగా మారడం, ఉన్నట్టుండి జ్వరంతో కూడిన భరించలేని ఎముక నొప్పి రావడం వీటిలో కొన్ని. ఎంజైము చికిత్సతో నొప్పులు తగ్గుతాయి, ఎముక సాంద్రత నెమ్మదిగా మెరుగుపడుతుంది; ఒకసారి చచ్చిపోయిన ఎముక మాత్రం తిరిగి బతకదు.

ఒకే జాతి ప్రతిరక్షకం రక్తంలో విపరీతంగా పెరగడం, మజ్జలో వచ్చే మైలోమా అనే క్యాన్సర్ కూడా ఈ రోగులలో మామూలు జనం కన్నా ఎక్కువ. శైనీ నాయర్, మాధవ్ ధోడప్కర్, మిస్త్రీ తదితరులు 2016లో ఈ అదనపు ప్రతిరక్షకాలలో చాలా భాగం గ్లూకోసిల్‌స్ఫింగోసిన్ వంటి కొవ్వు అణువులనే గుర్తిస్తున్నాయని చూపారు. గోషే వ్యాధి లేని మైలోమా రోగులలో సైతం మూడో వంతు మందిలో ఇదే కనబడింది. ఏళ్ల తరబడి ఒకే అణువు రోగనిరోధక కణాలను తడుతూ ఉంటే చివరకు వాటిలో ఒకటి అదుపు తప్పవచ్చునన్నమాట. ఒక అరుదైన వ్యాధి మీది పని సాధారణ క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడానికి ఇలా తోడ్పడింది.

మెదడు విషయంలో వచ్చిన ఆవిష్కరణ ఇంకా విస్తృతమైనది. గోషే రోగుల కుటుంబాలలో పార్కిన్సన్ వ్యాధి తరచుగా కనిపించడాన్ని గమనించిన ఎలెన్ సిడ్రాన్‌స్కీ, పలు దేశాలలోని 16 కేంద్రాల సమాచారాన్ని కూడగట్టి, పార్కిన్సన్ రోగులలో జీబీఏ1 జన్యులోపం ఇతరులలో కన్నా అయిదు రెట్లకు పైగా ఎక్కువని 2009లో ప్రకటించింది. వాహకులలో అత్యధికులకు పార్కిన్సన్ రాదు, కాబట్టి ఈ మాట విని వాహకులు బెంబేలెత్తనక్కరలేదు. అయితే ఒక ప్రతి లోపం కూడా పూర్తిగా నిరపాయం కాదన్న గ్రహింపు జన్యుశాస్త్రానికి కొత్తదే. ఈ ఎంజైము తగ్గితే ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీను నాడీకణాలలో పేరుకుంటుందని, అది పేరుకుంటే ఎంజైము లైసోజోముకు చేరడం ఇంకా తగ్గుతుందని 2011లో మరో బృందం చూపింది. ఇశ్రాయేలులోని వైజ్‌మన్ సంస్థలో ఆంథొనీ ఫ్యూటర్‌మన్ బృందం 2014లో, కణమరణాన్నీ మెదడులోని శోథాన్నీ నడిపే రిప్‌కే3 అనే ప్రొటీను లేని చిట్టెలుకలు ఎంజైము లోపాన్ని మరింత తట్టుకొని ఎక్కువకాలం బతికాయని తెలిపింది. పాండే ఫలితంతో దీనికున్న పోలిక గమనించదగ్గది: రెండింటిలోనూ ఎంజైమును ముట్టుకోకుండానే, దాని తరువాతి మెట్టును అడ్డుకొని వ్యాధి తీవ్రతను తగ్గించారు.

చికిత్సలు, మన దేశ పరిస్థితి

ఎంజైము ఇచ్చే చికిత్సలో ఇమిగ్లూసెరేజ్‌తోపాటు మనిషి కణాలలో తయారైన వెలాగ్లూసెరేజ్, క్యారట్ కణాలలో తయారైన టాలిగ్లూసెరేజ్ వాడుకలో ఉన్నాయి. రెండో మార్గం కొవ్వు తయారీనే తగ్గించడం. మిగ్లుస్టాట్, 2014లో అమెరికాలో అనుమతి పొందిన ఎలిగ్లుస్టాట్ ఈ కోవకు చెందిన నోటి మాత్రలు. శోథం కొవ్వు తయారీని పెంచుతుందన్న పాండే ఫలితం ఈ రెండో మార్గానికి కొత్త సమర్థన ఇచ్చిందనవచ్చు. మూడో మార్గం, అంటే శోథాన్నే అడ్డుకోవడం, ఇంకా పరిశోధన దశలోనే ఉంది. కాంప్లిమెంటు గొలుసును అడ్డుకొనే ఎకులిజుమాబ్ 2007లో ఒక రక్తవ్యాధికి, సీ5ఏ గ్రాహకాన్ని అడ్డుకొనే అవాకోపాన్ 2021లో ఒకరకం రక్తనాళాల శోథానికి అనుమతి పొందాయి కాబట్టి ఆ దారిలో పనిచేసే మందులు లోకంలో ఉన్నాయి. గోషే వ్యాధికి మాత్రం అవి స్థిరపడిన చికిత్స కావు. ఎకులిజుమాబ్ వాడేవారికి మెనింగోకాకస్ సూక్ష్మజీవి వల్ల ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షను రాకుండా ముందే టీకా వేయవలసి వస్తుంది, శోథాన్ని అణచడమంటే రక్షణలో కొంత వదులుకోవడమే కాబట్టి.

భారతదేశంలో ఈ వ్యాధి స్వరూపం పాశ్చాత్య దేశాల కన్నా భిన్నంగా ఉంటుంది. ఎల్444పీ అనే జన్యులోపం మన రోగులలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడుతుంది, అది రెండు ప్రతులలోనూ ఉన్నప్పుడు మెదడు దెబ్బతినే ముప్పు అధికం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మేనరికాలు, మేనమామ-మేనకోడలి వివాహాలు ఇప్పటికీ సాగుతుండటం వల్ల ఇలాంటి అంతర్గత వ్యాధులు బయటపడే అవకాశం పెరుగుతుంది: మేనమామకూ మేనకోడలికీ జన్యువులలో సగటున నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి, మేనత్త మేనమామ పిల్లలకు ఎనిమిదో వంతు. పొట్ట ఉబ్బి రక్తం తగ్గిన పిల్లవాడిని చూసినప్పుడు మలేరియా, థలసీమియా, రక్త క్యాన్సరు అన్న క్రమంలో వెతుకుతూ పోవడం సహజమే గాని, ఎండిన రక్తపు చుక్కతో చేసే ఎంజైము పరీక్షను ముందే చేయిస్తే మజ్జ పరీక్షలు, ప్లీహం కోసివేసే శస్త్రచికిత్స తప్పిపోయే సందర్భాలు చాలా ఉన్నాయి. హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం నిజాం వైద్య విజ్ఞాన సంస్థతో కలిసి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద విశిష్ట కేంద్రంగా గుర్తింపు పొందింది. 2021లో వచ్చిన ఆ విధానం గోషే వ్యాధిని మూడో వర్గంలో, అంటే చికిత్స ఉన్నా ఖర్చు విపరీతంగా ఉండి జీవితాంతం కొనసాగించవలసిన వ్యాధులలో చేర్చింది. కేంద్ర సహాయం పరిమితిని 2022లో రోగికి 50 లక్షల రూపాయలకు పెంచారు. రెండు వారాలకొకసారి బతికినంతకాలం ఎక్కించవలసిన మందుకు, అందులోనూ బరువుతోపాటు మోతాదు పెరిగే పిల్లలకు, ఆ మొత్తం కొద్ది కాలానికే అయిపోతుంది. 1999 నుంచి ఔషధ కంపెనీ దాతృత్వ పథకం కింద ఉచితంగా మందు పొందుతున్నవారు కొందరున్నారు.

మెదడు దెబ్బతిన్న మూడో రకం పిల్లలకు డబ్బు సమకూరినా కష్టం తీరదు, సిరలో ఎక్కించిన ఎంజైము రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడను దాటదు. అందుకే దగ్గు మందుగా మన ఔషధ దుకాణాలలో ఏళ్లుగా దొరుకుతున్న ఆంబ్రోక్సాల్ మీద పరిశోధకుల దృష్టి పడింది. వంకరగా తయారైన ఎంజైము అణువును సరిగా ముడుచుకొనేలా నిలబెట్టి లైసోజోము దాకా చేర్చే గుణం దానికి ఉన్నట్టు 2009లో తేలింది, అది మెదడులోకి వెళ్లగలదు కూడా. 2016లో ప్రచురితమైన జపాన్ ప్రాథమిక పరీక్షలో దగ్గుకు వాడే దానికన్నా ఎన్నో రెట్లు పెద్ద మోతాదులో, ఎంజైము చికిత్సకు తోడుగా ఇచ్చినప్పుడు కొందరు రోగులలో మూర్ఛలు, నాడీ లక్షణాలు మెరుగుపడ్డాయి. మందు చవక, అందుబాటులో ఉన్నదే. అయినా ఆ మోతాదులో దాన్ని నిపుణుల పర్యవేక్షణలో తప్ప వాడకూడదు, ఏ జన్యులోపమున్నవారికి అది పనిచేస్తుందో రోగిని బట్టి పరీక్షించి చూసుకోవలసిందే.